పరువు, ఇజ్జత్, మాట: సైన్స్ ఫిక్షన్ వీరుల ‘ఆనర్’కి తెలుగులో ఏ పేరు?

ఆబిడ్స్_ఆదివారం | శనివారం రాత్రి 10:40

అందరికీ నమస్తే. నేను సబ్‌టైటిల్స్ రాస్తాను. ఇప్పుడు చేస్తున్నది అంతరిక్షంలో జరిగే ఒక యోధజాతి కథ. పేరు బయటపెట్టనని సంతకం చేశాను, అడగొద్దు. అందులో ఓ ముసలి సేనాని చెరసాల నుంచి బయటికొచ్చి కొడుకుతో మాట్లాడతాడు. నా ఇల్లు తీసుకున్నారు, నా పేరు తీసుకున్నారు, నా ‘ఆనర్’ మాత్రం తీసుకోలేకపోయారు అంటాడు. అంతే, ఆ ఒక్క మాట దగ్గర మూడు రోజులుగా ఆగిపోయాను.

మొదట ‘పరువు’ అని రాశాను. నా పని సరిచూసే ఆయన దాన్ని కొట్టేసి ‘గౌరవం’ పెట్టారు. నాకది నచ్చలేదు. గౌరవం ఎదుటివాళ్ళు ఇచ్చేది. వాళ్ళు ఇవ్వనంటే పోతుంది. మరి ముసలాయన దగ్గర మిగిలిందేమిటి? అట్లాగని నా ‘పరువు’ కూడా సరైంది కాదని రాత్రి పడుకున్నాక తట్టింది. ఊరంతా ఛీ అన్నాక పరువు ఎక్కడుంటుంది?

పదో తరగతి నుంచీ ఆబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాల్లో ఏరుకుని ఈ కథలు చదువుతున్నాను. క్లింగాన్లు, ఫ్రెమెన్లు, మాండలోరియన్లు, అందరి నోటా అదే మాట. అందరూ ఒకే సంగతి చెప్తున్నారనుకునేదాన్ని. తెలుగులో పెట్టబోయేసరికి ఒక్కొక్కరిది ఒక్కో పదం అవుతోంది. మీరు బాగా ఎరిగిన జాతి గురించి చెప్పండి. వాళ్ళు దేన్ని పోగొట్టుకోవడానికి అంత భయపడతారు?

కూకట్‌పల్లి_క్లింగాన్ | శనివారం రాత్రి 11:25

అక్కా, మంచి ప్రశ్న వేశారు. క్లింగాన్లతో మొదలెడతాను. నా పేరులోనే ఉన్నారు కదా.

ముందు ఒక సంగతి. 1967లో స్టార్ ట్రెక్‌లో వాళ్ళు తొలిసారి కనిపించినప్పుడు ఈ ఆనర్ గోలేమీ లేదు. ఆక్రమించుకునే జిత్తులమారి శత్రువులు, అంతే. మనకిప్పుడు తెలిసిన క్లింగాన్లు 1987లో మొదలైన ‘నెక్స్ట్ జెనరేషన్’ సిరీస్‌లో, వోర్ఫ్ అనే క్లింగాన్ పాత్ర చుట్టూ మెల్లగా తయారయ్యారు.

1990లో వచ్చిన ఎపిసోడ్ ఒకటుంది. చనిపోయిన వోర్ఫ్ తండ్రి మీద ఖిటోమర్ స్థావరాన్ని శత్రువులకి పట్టించాడని నింద వేస్తారు. అసలు ద్రోహి వేరే వంశంవాడు, మండలిలో బలమున్న డురాస్ తండ్రి. నిజం పైకొస్తే సామ్రాజ్యం రెండు ముక్కలై అంతర్యుద్ధం వస్తుందని మండలి దాన్ని తొక్కిపెడుతుంది. వోర్ఫ్ ఆ నిందని తలకెత్తుకుంటాడు. మండలి సభ్యులు ఒక్కొక్కరే అతనికి వీపు తిప్పుతారు. ఇంగ్లీషులో దానికేదో పెద్ద పేరు పెట్టారుగానీ మనకి రెండక్షరాల్లో ఉంది: వెలి. వోర్ఫ్‌ని వెలివేశారు.

క్లింగాన్ భాషని కట్టిన మార్క్ ఓక్రాండ్ నిఘంటువు 1985లో వచ్చింది. ఆ భాషలో ఆనర్‌కి రెండు పదాలున్నాయి. ‘కూవ్’ అంటే మనిషికి సంఘంలో ఉన్న పేరు. ‘బట్ల్’ అంటే దానికంటే పెద్దది, ధర్మం లాంటిది. వోర్ఫ్ ఆ రోజు మొదటిదాన్ని వదులుకుని రెండోదాన్ని నిలబెట్టుకున్నాడు. మీ ముసలాయనదీ అదే కథ అనిపిస్తోంది.

గోల్కొండ_గాలి | శనివారం రాత్రి 11:41

అక్కా, మా దిక్కు ఇజ్జత్ అంటం. ‘ఇజ్జత్ పోయింది’ అంటే నలుగుట్ల తలదించుకున్నట్టు. మీ ముసలాయనకు ఆ పదం పనికిరాదు, అది ఆల్రెడీ పోయింది గద. ఇంకో పదమున్నది మా తాన. ముందు అందరివి విని చెప్త.

ఇసుకపురుగు | ఆదివారం ఉదయం 7:10

ఎడారి తెగ ఫ్రెమెన్ల గురించి నేను చెప్తాను. ఫ్రాంక్ హెర్బర్ట్ ‘డ్యూన్’ 1965లో వచ్చింది. నేను ఇంటర్ సెలవుల్లో చదివాను, ఇప్పుడు పీజీలో మళ్ళీ చదువుతున్నాను.

అందరూ కత్తి గురించి మాట్లాడతారు. ఒరలోంచి తీసిన క్రిస్‌నైఫ్‌ని రక్తం చూపించకుండా తిరిగి ఒరలో పెట్టకూడదన్న నియమం గురించి. నాకు గుర్తుండిపోయింది నీళ్ళు. జేమిస్ అనే ఫ్రెమెన్ కథానాయకుడు పాల్‌ని ద్వంద్వయుద్ధానికి పిలుస్తాడు, పాల్ చేతిలో చచ్చిపోతాడు. పాల్ అప్పటిదాకా మనిషిని చంపి ఎరగడు. అంత్యక్రియల్లో జేమిస్ మంచితనం గురించి ఒక్కొక్కరూ లేచి ఒక్కో మాట చెప్తుంటే పాల్‌కి కన్నీళ్ళొస్తాయి. అక్కడ చుట్టూ ఉన్నవాళ్ళు నిశ్చేష్టులైపోతారు. ఒంట్లో నీటిబొట్టు కూడా తెగకి చెందే ఎడారిలో, చచ్చినవాడి కోసం నీళ్ళు ధారపోశాడు! మనం పితృదేవతలకి తర్పణం వదులుతామే, నాకు అదే గుర్తొచ్చింది.

ఇంకోటి. చంపినవాడి మీద చచ్చినవాడి భార్యాబిడ్డల బాధ్యత పడుతుంది. జేమిస్ భార్య హారా, ఆమె ఇద్దరు కొడుకులూ పాల్ ఇంటికి వస్తారు. గెలిచావు కదా అని చేతులు దులుపుకుని పోవడానికి లేదు. వీళ్ళ ఆనర్‌లో ఆ భాగమే నాకు అన్నిటికంటే ఇష్టం. గెలిచినవాడు బరువు మోయాలి.

వకీలమ్మ | ఆదివారం ఉదయం 9:05

ఇసుకపురుగూ, హారాని ఎవరైనా అడిగారా తల్లీ? ఆమెని భార్యగా ఉంచుకుంటావా, దాసిగానా అని పాల్‌ని అడిగారు. ఆమెని మాత్రం అడగలేదు.

నేను పద్దెనిమిదేళ్ళుగా సిటీలో ఫ్యామిలీ కేసులు చూస్తున్నాను. ‘పరువు’ అన్న పదం చూస్తే నాకు కత్తీ బల్లెం కనపడవు. తన ఇష్టంతో పెళ్ళి చేసుకున్న పిల్లా, కోర్టు వరండాలో ఆ పిల్లకి వీపు తిప్పి నిలబడిన తండ్రీ కనపడతారు. క్లింగాన్ మండలి సీను చదవగానే నాకు ఆ వరండానే గుర్తొచ్చింది. మన పేపర్లలో ‘పరువు హత్య’ అని రాస్తారు. పరువు కోసం జరిగింది కనక అదొక రకం హత్య అన్నట్టు, ముందు పరువు, తర్వాత హత్య. మేజర్లయిన ఇద్దరు పెళ్ళి చేసుకుంటే అందులో కులపెద్దలు తలదూర్చడం చట్టవిరుద్ధమని 2018లో శక్తి వాహిని కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆ తీర్పు నా టేబుల్ మీద ఎప్పుడూ ఉంటుంది.

అందుకే ఏ యోధజాతి కథ చదివినా నేను అడిగేది ఒకటే. వీళ్ళ ఆనర్‌కి ఖర్చు ఎవరు పెడుతున్నారు? ఎవడి ఆనరో వాడే పెట్టుకుంటే సరే. ఆడపిల్లో, పనివాడో, చిన్నపిల్లవాడో పెడుతుంటే దాన్ని నేను ఒప్పుకోను, ఎన్ని సూర్యుళ్ళ అవతల జరిగినా సరే. మీ క్లింగాన్లలో ఆడవాళ్ళకి మండలిలో చోటే లేదట కదా?

కూకట్‌పల్లి_క్లింగాన్ | ఆదివారం ఉదయం 9:50

మేడమ్, మీరన్నది నిజమే. క్లింగాన్ల అధినేత గౌరన్ ఆ మాట 1991లో ఒక ఎపిసోడ్‌లో నేరుగానే అంటాడు, మండలిలో స్త్రీలకి చోటు లేదని. చిత్రమేమిటంటే అదే ఏడాది వచ్చిన ఆరో సినిమాలో, కథాకాలం ప్రకారం అంతకు ఎన్నో ఏళ్ళ ముందే, అజెట్‌బర్ అనే ఆమె తండ్రి హత్య తర్వాత మొత్తం సామ్రాజ్యానికే అధినేత అవుతుంది. నాకు ఈ రెండూ ఎప్పుడూ పొసగలేదు. రాసినవాళ్ళు వేరువేరు. అయినా, ఆచారం మధ్యలో ఎప్పుడో బిగుసుకుపోయి ఉంటుందని నేను సర్దిచెప్పుకున్నాను. మన ఊళ్ళల్లోనూ తాతలనాడు లేని కట్టుబాట్లు తండ్రులనాడు వచ్చాయి కదా.

ఖర్చు సంగతి అడిగారు కాబట్టి టోరాల్ గురించి చెప్పాలి. వోర్ఫ్‌ని వెలివేయించిన డురాస్‌కి టోరాల్ అని ఒక కొడుకు, ఇంకా మీసం రాని కుర్రాడు. వాళ్ళ వంశం ఓడిపోయాక గౌరన్ వోర్ఫ్ చేతికి కత్తిచ్చి, నీ తండ్రి మీద నింద వేసినవాళ్ళ రక్తమిది, తీసుకో అంటాడు. సభంతా చూస్తోంది. వోర్ఫ్ చంపడు. పిల్లవాడు ఏ తప్పూ చెయ్యలేదంటాడు. ఇది క్లింగాన్ పద్ధతి కాదా అని తమ్ముడు కర్న్ అడిగితే, పద్ధతేగానీ నాది కాదు అన్నట్టు జవాబిస్తాడు.

మొత్తం ట్రెక్‌లో అంతకంటే గొప్ప క్లింగాన్ పని నాకు కనపడలేదు. ఆ పని చేసినవాడేమో మనుషులింట్లో పెరిగినవాడు, పుస్తకాల్లోంచి తన జాతి ధర్మాన్ని నేర్చుకున్నవాడు.

వకీలమ్మ | ఆదివారం ఉదయం 10:02

ఇది నాకు తెలియదు. ఆ ఎపిసోడ్ ఇవాళే చూస్తాను. థాంక్స్ బాబూ.

మెక్_మెకానిక్ | ఆదివారం మధ్యాహ్నం 12:30

ఖర్చు గురించే ఆలోచించిన జాతి ఒకటుంది, బాటిల్‌టెక్ ఆటలో క్లాన్లు. ఎక్కువమందికి తెలియదు, అందుకే వివరంగా రాస్తున్నా.

క్లాన్ల లోకాలు బీదవి. ఇనుము తక్కువ, మనుషులు తక్కువ. ఊళ్ళకి ఊళ్ళు తగలబెట్టుకునే యుద్ధాలు చేస్తే ఎవరూ మిగలరు. అందుకని దాడికి ముందే ‘బ్యాచల్’ అని సవాలు పంపుతారు: నేను ఇంత బలగంతో వస్తున్నా, నువ్వు దేనితో కాపాడుకుంటావ్? దాడి చేసే పక్షంలో సేనానులు తమలో తాము వేలం వేసుకుంటారు. మామూలు వేలంలో ఎక్కువ పాడినవాడిది సరుకు. ఇక్కడ తక్కువ బలగంతో గెలుస్తానన్నవాడికే దాడి హక్కు. తర్వాత ఒకరితో ఒకరు ద్వంద్వం. మధ్యలో మూడోవాడు తుపాకీ పేలిస్తే వాడిది తలవంపు.

ఈ పద్ధతి మీద నాకు గొప్ప గౌరవం ఉండేది, ఇప్పటికీ ఉంది. కానీ అది ఇద్దరూ ఒప్పుకున్నప్పుడే నడుస్తుంది. 3052లో టుకాయిడ్ గ్రహం మీద ఎదుటి పక్షమైన కామ్‌స్టార్ సేనాని ఫోక్ట్ 21 రోజుల పోరులో వాళ్ళ నడ్డి విరిచాడు. క్లాన్లు త్వరగా ముగిసే యుద్ధానికి సిద్ధమై వచ్చారు, ఆయన సాగదీశాడు. అన్నం, మందుగుండు అయిపోయాయి. వేలంలో తక్కువ పాడిన పౌరుషం సరుకు బళ్ళ దగ్గర తేలిపోయింది.

అయితే ఓడిపోతే 15 ఏళ్ళు ముందుకు రామని ముందే మాటిచ్చారు. ఓడారు, ఆగారు. సగం నక్షత్రలోకాన్ని మింగగల సైన్యం ఒక మాట కోసం ఆగింది. ఆబిడ్స్ అక్కా, మీ ముసలాయన దగ్గర మిగిలింది ఇలాంటిదేమో చూడండి.

చిక్కడపల్లి_లైబ్రరీ | ఆదివారం సాయంత్రం 4:15

నేను తెలుగు లెక్చరర్‌గా రిటైరయ్యాను. మీ నక్షత్రాల కథలు మా మనవడు చెప్తే వింటాను తప్ప చదవలేదు. కానీ పై అబ్బాయి చెప్పిన వేలం, ఒప్పందం, ఓడితే తప్పుకోవడం చదువుతుంటే ఇది మన కోడిపోరు కదా అనిపించింది.

పన్నెండో శతాబ్దపు పల్నాడు. గురజాల, మాచర్ల. యుద్ధం బదులు కోళ్ళని దింపారు. ఓడినవాళ్ళు రాజ్యం విడిచి వెళ్ళాలి. బ్రహ్మనాయుడి పక్షం ఓడింది, వెళ్ళింది. మోసంతో ఓడించారని కథ చెప్పేవాళ్ళు చెప్తారు, అయినా ఆడిన మాట ప్రకారం వెళ్ళారు. గడువు తీరి తిరిగొచ్చి మా భాగం ఇమ్మంటే అవతలివాళ్ళు ఇవ్వలేదు. రాయబారం వెళ్ళిన అలరాజుకి విషం పెట్టారు. అప్పుడు కారెంపూడి. మాట నిలబడినన్నాళ్ళూ కోళ్ళ రక్తమే పోయింది. మాట తప్పిన రోజున మనుషులది పోయింది. శ్రీనాథుడు దాన్ని ద్విపదలో రాశాడు. ఇప్పటికీ కార్తీకంలో కారెంపూడిలో ఐదు రోజులు వీరుల ఉత్సవం జరుగుతుంది. అందులో ఒక రోజు పేరే కోడిపోరు. మా ఆయన బతికుండగా ఒకసారి వెళ్ళాం. వీరుల ఆయుధాలకి జనం దణ్ణం పెడుతుంటే నా ఒళ్ళు గగుర్పొడిచింది.

వకీలమ్మగారు ఖర్చు ఎవరిదన్నారు. దానికి పక్కనే ఇంకో ప్రశ్న ఉందమ్మా: పంక్తిలో ఎవరికి చోటు? బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టాడు, అన్ని కులాలవాళ్ళూ ఒకే చాప మీద కూర్చుని తినడం. మాల కన్నమదాసుని కొడుకుగా చూసుకుని సేనానిని చేశాడు. నాకు ఆ యుద్ధంలో చచ్చినవాళ్ళందరికంటే ఆ చాప గొప్పది.

ఇసుకపురుగు | ఆదివారం సాయంత్రం 4:50

మేడమ్, స్టార్ వార్స్ లోకపు మాండలోరియన్లలో అచ్చం ఇలాగే ఉంది! పుట్టుకతో పనిలేదు. దిక్కులేని పిల్లని తెచ్చుకుని పెంచుకుంటే వాళ్ళూ మాండలోరియన్లే. 2019లో మొదలైన సిరీస్‌లో హీరో దిన్ జారిన్ కూడా అట్లా దొరికిన పిల్లవాడే.

అతని తెగలో ఇంకొకరి ముందు శిరస్త్రాణం తియ్యకూడదు. రెండో సీజన్‌లో, తను కాపాడుతూ వచ్చిన పిల్లవాడు గ్రోగు ఎక్కడున్నాడో కనుక్కోవాలంటే ఒక యంత్రానికి ముఖం చూపించాలి. చూపిస్తాడు. చివర్లో ఆ పిల్లవాడు వీడిపోతున్నప్పుడు, వాడి చిన్న చెయ్యి తన ముఖం తాకేలా మళ్ళీ తీస్తాడు. నేను ఏడ్చేశాను. తెగవాళ్ళు మాత్రం నువ్విక మాండలోరియన్‌వి కాదంటారు. 2023 సీజన్‌లో గనుల అడుగున ఉన్న నీళ్ళలో మునిగి ప్రాయశ్చిత్తం చేసుకునేదాకా అంతే.

నాకు ఇక్కడే ఒక చిక్కు. పిల్లవాణ్ణి కాపాడతానన్నది అతని మాట. ముఖం చూపకూడదన్నది తెగ కట్టుబాటు. రెండూ ఢీకొన్నాయి. మాట నిలబెట్టుకున్నాడు. మరి ప్రాయశ్చిత్తం ఎందుకు?

గోల్కొండ_గాలి | ఆదివారం సాయంత్రం 5:20

చెల్లే, కట్టుబాటు గూడ ఒకనాడు ఇచ్చిన మాటనే గద. రెండు మాటలిచ్చిండు, ఒకటి తప్పిండు. తప్పినదానికి నీళ్ళల్ల మునిగిండు. నాకది సబబే అనిపించింది.

బొబ్బిలి_మనవడు | ఆదివారం రాత్రి 8:35

మాది బొబ్బిలి దగ్గర పల్లె, ఇరవై ఏళ్ళుగా మియాపూర్‌లో ఉంటున్నాను. ఈ దారం చదువుతూ ఊరుకోలేకపోయాను.

చిన్నప్పుడు మా తాత పక్కలో పడుకోబెట్టుకుని బొబ్బిలి యుద్ధం చెప్పీవోడు. 1757 జనవరి. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులతో వచ్చాడు, పక్కన విజయనగరం విజయరామరాజు. కోట నిలవదని తెలిసింది. లోపలున్నవాళ్ళు తమ ఆడవాళ్ళనీ పిల్లల్నీ శత్రువు చేతికి చిక్కకూడదని తామే చంపుకుని, తర్వాత చచ్చీదాకా పోరాడారు. తాండ్ర పాపారాయుడు ఆ రాత్రులలోనే అనుచరులతో శిబిరంలోకి దూరి విజయరామరాజుని గుడారంలోనే చంపాడు.

తాత ఈ కథ చెప్పినప్పుడల్లా నాకు ఛాతీ పొంగీది. పాపారాయుడంటే ఇప్పటికీ ప్రాణం. కానీ నాకు కూతురు పుట్టాక కోట లోపలి సంగతి తల్చుకోలేకపోతున్నాను. వకీలమ్మగారి ప్రశ్న నన్ను పట్టుకుంది. ఆ పసివాళ్ళు ఏం ఖర్చుపెట్టారు, ఎవరి పరువు కోసం? రాజావారి చిన్న కొడుకుని ఒక ముసలాయన ఎలాగో దాచి బతికించి బయటికి తెచ్చాడు. చిన్నప్పుడు తాత ఆ ముసలాయన దగ్గర రెండు ముక్కలు చెప్పి దాటేసీవోడు. ఇప్పుడు నా కూతురికి నేను చెప్పీటప్పుడు ఆయన దగ్గరే ఎక్కువసేపు ఆగుతున్నాను.

ఇంకో సంగతి. గుడారంలో పడుకున్నవాణ్ణి చంపడం క్లింగాన్ల లెక్కలో ఆనర్ అవుతుందా?

కూకట్‌పల్లి_క్లింగాన్ | ఆదివారం రాత్రి 9:00

కాదన్నా. వాళ్ళు ముఖాముఖీ చూస్తూ చంపాలంటారు. మన భారతంలోనూ అశ్వత్థామ రాత్రిపూట నిద్రలో ఉన్నవాళ్ళని చంపితే లోకం మెచ్చుకోలేదు, సౌప్తికపర్వం చదివితే కడుపులో తిప్పుతుంది. అయినా పాపారాయుణ్ణి అశ్వత్థామ పక్కన పెట్టడానికి నాకు చెయ్యి రావట్లేదు. ఎందుకో ఇంకా తెలియట్లేదు.

చిక్కడపల్లి_లైబ్రరీ | ఆదివారం రాత్రి 9:25

ఎందుకంటే నాయనా, అశ్వత్థామ ఉపపాండవుల్ని, పసివాళ్ళని కూడా చంపాడు. పాపారాయుడు లెక్క తేల్చుకోవలసిన ఒక్కడి దగ్గరికే వెళ్ళాడు.

సైనిక్‌పురి_సుబేదార్ | ఆదివారం రాత్రి 9:40

పిల్లలూ, నేను ఇరవై ఆరేళ్ళు సైన్యంలో ఉన్నాను. ఫౌజులో మాకు మూడు మాటలు నేర్పిస్తారు: నామ్, నమక్, నిషాన్. పేరు, తిన్న ఉప్పు, జెండా. వీటిలో పేరు ముందుంటుందిగానీ, నా అనుభవంలో మనిషిని నిలబెట్టేది ఉప్పు.

ఒకటి చెప్తాను. మంచులో ఒక పోస్టు. రాత్రి కాపలా. పొద్దున్నే ఓ కుర్రాడు, వాడికి ఇరవై రెండేళ్ళుంటాయి, నా ముందుకొచ్చి నిలబడ్డాడు. ‘సాబ్, రాత్రి నా డ్యూటీలో పది నిమిషాలు కన్నంటుకుంది’ అన్నాడు. ఎవరూ చూడలేదు, ఏమీ జరగలేదు. చెప్పకపోతే ఎప్పటికీ ఎవరికీ తెలియదు. వాడికి పడాల్సిన శిక్ష పడింది. ఆ తర్వాత ఏ రాత్రి వాడు కాపలా ఉన్నా నేను గాఢంగా నిద్రపోయాను.

మీరు చెప్పిన కథల్లో ద్వంద్వయుద్ధాలు చాలా ఉన్నాయి. అందరూ చూస్తుండగా ధైర్యంగా ఉండటం కష్టమేగానీ, నేర్చుకోవచ్చు, మేం నేర్పిస్తాం. ఎవరూ చూడని పది నిమిషాల గురించి నోరు విప్పడం ఎవరూ నేర్పలేరు.

ఇసుకపురుగు | ఆదివారం రాత్రి 9:58

సార్, మీది చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను.

లోయిస్ మెక్‌మాస్టర్ బుజోల్డ్ బరాయార్ నవలల్లో ఒక తండ్రి కొడుక్కి ఇదే విడమరచి చెప్తాడు. పేరు లోకానికి తెలిసిన సంగతి, ఆనర్ మనకి మనమే ఎరిగిన సంగతి, రెండూ ఒకటనుకోకు అని. లోపలిది ముక్కలైపోయాక కూడా బయటిది చెక్కుచెదరకుండా ఉండటం ఎంత నరకమో ఆ తండ్రికి తెలుసు.

మెక్_మెకానిక్ | ఆదివారం రాత్రి 10:20

సుబేదార్ గారూ, మరి సినిమాల్లో మనుషుల్ని వేటాడే గ్రహాంతరవాసి ప్రెడేటర్ సంగతేమంటారు? ఆయుధం లేనివాళ్ళని వేటాడడు. 1990 సినిమాలో కడుపుతో ఉన్న పోలీసామెని వదిలేస్తాడు. చివర్లో గెలిచిన మనిషికి 1715 అని చెక్కిన పాత పిస్తోలు బహుమతిగా ఇస్తారు.

సైనిక్‌పురి_సుబేదార్ | ఆదివారం రాత్రి 10:31

అది వేటగాడి నియమం బాబూ. మంచి నియమమే. కానీ 1987లో మొదటి సినిమా నేను సికింద్రాబాద్‌లో మా జవాన్లతో చూశాను. ఓడిపోయాక చుట్టుపక్కలంతా పోయేలా బాంబు పెట్టి నవ్వుతాడు. ఓటమిని ఒప్పుకోలేనివాడికి నేను సెల్యూట్ చెయ్యను.

గోల్కొండ_గాలి | ఆదివారం రాత్రి 11:15

సుబేదార్ సాబ్ ఉప్పు అన్నడు. ఇగ నేను చెప్పాలె.

మా ఇల్లు కోట దర్వాజకు దగ్గర. 1687ల ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడేసినా గోల్కొండ పడలే. ఆఖరికి లోపటోడే, అబ్దుల్లా ఖాన్ పనీ, పైసలకు ఆశపడి రాత్రి తలుపు తీసిండు. మొఘలులు లోపటికొస్తుంటే అబ్దుల్ రజాక్ లారీ ఒక్కడు గుర్రమెక్కి ఎదురువోయిండు. ఒంటినిండ గాయాలు, డెబ్బై దాక అని అప్పటి చరిత్ర రాసిన ఖాఫీ ఖాన్ చెప్పిండు. తెల్లారి ఎవలో చెట్టు కింద పడున్నోన్ని గుర్తుపట్టి ఇంటికి మోస్కపోయిన్రు. ఔరంగజేబు తన హకీంలను పంపి బతికించిండు, నా కొలువుల చేరు అన్నడు. లారీ వద్దన్నడు, తానీషా ఉప్పు తిన్న అన్నడు.

గిక్కడిదాంక అందరు చెప్తరు. తర్వాత కొన్నాళ్ళకు లారీ మొఘల్ కొలువుల చేరిండు. గిది ఎవ్వలు చెప్పరు. చిన్నప్పుడు తెలిసి మస్తు బాధైంది. హీరో ఖరాబైండు అనుకున్న. ఇప్పుడట్ల అనుకుంటలే. ఉప్పు పెట్టినాయన దౌలతాబాద్ కోటల ఖైదీ. రాజ్యం లేదు. ఎవనికిచ్చిన మాట ఆనికి చెల్లించిండు, డెబ్బై గాయాలతోని. ఇంకెంత చెల్లించాలె ఒక మనిషి?

మాట తప్పకపోతే మా తాన ‘జబాన్ మనిషి’ అంటరు. ఇజ్జత్ పోయినా జబాన్ ఉంటది. అక్కా, నేను చెప్తనన్న పదం గిదే.

శూన్యంలో_శబ్దం | సోమవారం తెల్లవారుజాము 1:10

ఇంతసేపూ చదువుతూ ఉన్నాను. ఒక్కటి కలుపుతాను. 1990లలో వచ్చిన ‘బాబిలోన్ 5’లో మిన్‌బారీలు అనే జాతి. వాళ్ళ యోధులు ఎదురయ్యే ఓడకి మర్యాదగా ఫిరంగుల తలుపులు తెరిచి చూపిస్తారు. మా ఆయుధాలు ఇవిగో, దాచడం లేదు అని. భూమి ఓడలవాళ్ళకి అది దాడిలా కనపడి ముందే కాల్చేశారు. వాళ్ళ నాయకుడు డుకాట్ చనిపోయాడు. ఆ దుఃఖంలో యుద్ధానికి తీర్పు ఓటు వేసింది డెలెన్, ఆయన ప్రియశిష్యురాలు. లక్షల ప్రాణాలు పోయాయి. అన్నాళ్ళూ ఆ ఓటు ఆమె గుండెలో ముల్లులా ఉంటుంది.

ఒకరి మర్యాద ఇంకొకరికి బెదిరింపు. నేను పదహారేళ్ళప్పుడు ఊరినుంచి ఈ సిటీకి వచ్చాను. పెద్దవాళ్ళ ముందు తలెత్తకపోవడం మా ఇంట్లో మర్యాద. ఇక్కడ కాలేజీలో దాన్ని పొగరనుకున్నారు. చిన్న సంగతేగానీ ఆ సీన్ చూసినప్పుడల్లా అదే గుర్తొస్తుంది.

ఇంకో వింత. మిన్‌బారీలు అబద్ధమాడరు, ఇంకొకరి పరువు కాపాడాల్సి వస్తే తప్ప. పరువు కోసం మాటని వదిలేసే జాతి! గోల్కొండ అన్న చెప్పినదానికి సరిగ్గా తలకిందులు.

చిక్కడపల్లి_లైబ్రరీ | సోమవారం ఉదయం 6:45

‘పౌరుషం’ పెడదామా అని ఎవరైనా అనేలోపు ఒక కథ. నెల్లూరు మనుమసిద్ధి కొలువులో ఖడ్గతిక్కన. పుల్లరి తగాదాలో కాటమరాజు బలగంతో యుద్ధం. ఓడి ఇంటికొస్తాడు. భార్య స్నానానికి నీళ్ళు తోడి, ఆడవాళ్ళకి పెట్టినట్టు మంచం అడ్డుపెట్టి పసుపుముద్ద పెట్టిందట. తల్లి అన్నంలోకి విరిగిన పాలు పోసింది. ఇదేంటమ్మా అంటే, నువ్వూ విరిగొచ్చావు, పాలూ విరిగాయి అందట. మళ్ళీ వెళ్ళి పోరాడి చనిపోయాడు.

క్లాసులో ముప్పై ఏళ్ళు చెప్పాను. ఆ ‘విరగడం’లోని శ్లేషకి పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు. ఒక ఏడాది వెనక బెంచీ అమ్మాయి లేచి, ‘మేడమ్, వాళ్ళమ్మ తర్వాత ఏడవలేదా?’ అంది. కథలో లేదు. ఆ తర్వాత ఈ కథ చెప్పిన ప్రతిసారీ ఆ ప్రశ్న కూడా చెప్పాను.

ఇంట్లోవాళ్ళు మనిషిని చావుకి పంపగల పదం అది. చెరసాల నుంచి బతికొచ్చిన మీ ముసలాయన నోట పెట్టకండి.

ఆబిడ్స్_ఆదివారం | సోమవారం రాత్రి 9:30

ఆఫీసు పని అయ్యాక మొత్తం మళ్ళీ మొదటినుంచి చదివాను. మీరు ఇంత రాస్తారనుకోలేదు. అందరికీ పేరుపేరునా దణ్ణాలు.

పదాలన్నీ ఒక్కొక్కటే ఆ ముసలాయన నోట పెట్టి పైకి చదివి చూశాను. ‘పరువు’, ‘ఇజ్జత్’ పోయినవే. పైగా వకీలమ్మగారు రాసింది చదివాక ‘పరువు’ అన్న పదం మెచ్చుకోలుగా రాయడానికి నా చెయ్యి ఒప్పుకోవట్లేదు. ‘మానం’ ఒకప్పుడు పెద్ద పదం. మానధనుడు అని దుర్యోధనుణ్ణి అనేవాళ్ళు. ఇప్పుడు పేపర్లు దాన్ని ఆడదాని ఒంటికి కుదించేశాయి. ‘ఆత్మగౌరవం’ సభల్లో మైకు ముందు బావుంటుంది, కొడుకు పక్కన కూర్చుని మెల్లగా అనేది కాదు. ‘ధర్మం’ అంటే రాజు మాట్లాడినట్టుంది. ‘పౌరుషం’ చిక్కడపల్లి మేడమ్ తీసేశారు.

మీ పోస్టుల్లో నాకు ఒకటి కనపడింది. క్లాన్లు, బ్రహ్మనాయుడి పక్షం, దిన్ జారిన్, లారీ. ఎవరికి ఏది మిగిలిందో చెప్పడానికి మీలో చాలామంది ఒకే పదం వాడారు. నేను అడిగిన పదానికి అర్థం వెతుకుతూ మీకు తెలియకుండానే వాడారు.

ఆ కథలో ముసలాయన చెరసాలకి వెళ్ళింది కూడా ఒక రహస్యం చెప్పనన్నందుకే. అది నాకు ముందే తెలుసు, ఇంతవరకూ కలిపి చూసుకోలేదు.

ఇదీ ఇవాళ పంపింది:

‘ఇల్లు తీసుకున్నారు. పేరు తీసుకున్నారు.
నా మాట నా దగ్గరే ఉంది.’

గోల్కొండ_గాలి | సోమవారం రాత్రి 9:36

జబాన్! గదే అక్కా.

వకీలమ్మ | సోమవారం రాత్రి 9:52

రెండో వరుసలో మొదటి ‘నా’ తీసేస్తే ఎలా ఉంటుంది? ‘మాట నా దగ్గరే ఉంది.’

ఆబిడ్స్_ఆదివారం | సోమవారం రాత్రి 10:15

నాలుగుసార్లు చదివాను మేడమ్. మీదే బావుంది. ఇప్పుడే మార్చి మళ్ళీ పంపించాను.